ప్రతి కీ నొక్కుడూ రికార్డు చేయాలా?

సంపాదకులకు,

ల్యాబ్ అసైన్‌మెంట్లలో నకలు కోడ్, ఏఐ రాసిచ్చిన కోడ్ పెరిగాయి కాబట్టి విద్యార్థి నొక్కే ప్రతి కీనీ రికార్డు చేయాలన్న వాదన బలపడుతోంది. ఏం తెలుసుకోవాలో తేల్చుకోకముందే సాఫ్ట్‌వేర్ కొనేస్తే మిగిలేది నిండిపోయిన డిస్కే.

జావా భాషలో శ్రేణి (అర్రే)లోని అంకెలు కూడే చిన్న ప్రోగ్రామ్ చూడండి. లూప్ షరతులో ‘తక్కువ’ ఉండాల్సిన చోట విద్యార్థి ‘తక్కువ లేదా సమానం’ పెట్టాడు. సబ్మిషన్ ఒక్కటే దాస్తే చివరి సరైన కోడ్ తప్ప ఏమీ కనబడదు. ప్రతి రన్ దగ్గరా కోడ్‌నూ ఫలితాన్నీ దాస్తే కథ మారుతుంది: మొదటి రన్‌లో హద్దు దాటిన ఎర్రర్, రెండో దాంట్లో శ్రేణి సైజును ఒకటి పెంచి తప్పించుకోవడం (కొత్త గడిలో సున్నా ఉంటుంది కనుక మొత్తం సరిగ్గానే వస్తుంది!), ఆ తర్వాతెప్పుడో షరతు దిద్దుకోవడం. అధ్యాపకుడికి కావలసింది ఆ రెండో మెట్టే. కీస్ట్రోక్ (ఒక్కో కీ నొక్కుడు) స్థాయికి దిగితే నడుమ నలభై సెకన్లు ఆగాడనీ తెలుస్తుంది. అది ఆలోచనా, పక్కవాడితో కబుర్లా అన్నది మాత్రం ఏ లాగ్ (నమోదైన రికార్డు) కూడా చెప్పదు.

ఎవరు ఎక్కడ తడబడుతున్నారో పట్టుకోవడానికి రన్, కంపైల్ (కోడ్‌ను కంప్యూటర్ నడపగల రూపంలోకి మార్చడం) స్థాయి చాలు. 2006లో పరిశోధకుడు మాథ్యూ జాడుడ్ ప్రతిపాదించిన ఎర్రర్ కోషెంట్ (విద్యార్థి ఎర్రర్లతో ఎంత తంటాలు పడుతున్నాడో చెప్పే కొలత) లెక్క కూడా వరుస కంపైల్‌లను జతలుగా పోల్చేదే. కోడ్ ఏ క్రమంలో పుట్టింది, ఏ వాక్యం ఎన్నిసార్లు చెరిపి రాశారు అన్న పరిశోధనకైతే కీస్ట్రోకులు కావాల్సిందే. కాకపోతే అక్కడ చిక్కులెక్కువ.

నొక్కిన కీలు మాత్రమే దాచుకుంటే కోడ్ తిరిగి కట్టలేం. ఆటోకంప్లీట్ ఒక్క దెబ్బతో పదం పూర్తిచేస్తుంది, ఎడిటర్ మూసే బ్రాకెట్ తనే పెడుతుంది, మౌస్‌తో లాగిన వరసకు కీ ఉండదు. అందుకే దాచాల్సింది ఫైల్లో జరిగిన మార్పును: ఏ స్థానంలో, ఎంత తీశారు, ఏం చేర్చారు. ఆ స్థానం బైట్లలోనా, అక్షరాల్లోనా అన్నది ముందే రాసిపెట్టుకోవాలి. కామెంట్‌లో ఒక్క ‘అ’ పడినా అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో అది మూడు బైట్లు. ఆ తర్వాతి స్థానాలన్నీ జరిగిపోతాయి. విద్యార్థి కంప్యూటర్ గడియారాన్ని నమ్మకూడదు. నెట్ తెగి వచ్చాక ఒక్కసారిగా చేరే ఈవెంట్లకు (నమోదైన మార్పులకు) సర్వర్ సమయమూ పనికిరాదు. రెండు సమయాలతో పాటు వరుస సంఖ్యా ఉండాలి. ప్రతి రన్ దగ్గరా పూర్తి ఫైల్ దాచి, మార్పుల నుంచి కట్టిన ప్రతితో సరిచూడాలి. తేడా వస్తే మధ్యలో ఏదో ఈవెంట్ పోయినట్టే.

నకలు సంగతికొస్తే, తన పాత ఫైలు నుంచి తెచ్చుకున్న పేస్టూ, బయటి నుంచి తెచ్చిన పేస్టూ లాగ్‌లో ఒకేలా కనిపిస్తాయి. ఫోన్‌లో చూస్తూ టైప్ చేసినవాడు నిజాయితీపరుడిలా కనిపిస్తాడు. దీన్ని చూసి మార్కులు కోయడం అన్యాయం.

పేర్లు తీసేశాం కదా అంటే సరిపోదు. టైపింగ్ లయను బట్టే మనిషిని గుర్తుపట్టే పద్ధతులున్నాయి. రోల్ నంబరు కామెంట్లలో ఉంటుంది, పేరు ఫోల్డర్ దారిలో ఉంటుంది. పొరపాటున కోడ్‌లో కొట్టి వెంటనే చెరిపేసిన పాస్‌వర్డ్ కీస్ట్రోక్ లాగ్‌లో భద్రంగా ఉంటుంది. జావా నేర్చుకునేవాళ్లు వాడే బ్లూజే ఎడిటర్ వాడకందారుల నుంచి 2013 నుంచి డేటా సేకరిస్తున్న బ్లాక్‌బాక్స్ ప్రాజెక్టు కూడా ఒప్పుకున్నవాళ్ల డేటానే తీసుకుంటుంది.

సూక్ష్మంగా దాచితే తర్వాత కుదించుకోవచ్చు, ముతకగా దాచినదాన్ని విడదీయలేమన్న మాట నిజమే. అందుకని అందరి డేటా ఏళ్ల తరబడి ఉంచుకోనక్కర్లేదు. ల్యాబుల్లో మామూలుగా రన్ స్థాయి పెట్టండి. కీస్ట్రోకులు ఒప్పుకున్న విద్యార్థుల నుంచే, ఎంచుకున్న ఒకటి రెండు అభ్యాసాలకే తీసుకోండి. సెమిస్టర్ ముగిశాక ముడి లాగ్‌ను చెరిపేసే తేదీని సాఫ్ట్‌వేర్ టెండర్‌లోనే రాయించండి.

– ప్రోగ్రామింగ్ ల్యాబ్ అధ్యాపకులు