పాత కారు మీటరు రీడింగ్ కూడా వాహన్‌లో కనపడాలి

ఎడిటర్ గారికి నమస్కారం,

ప్రతి ఆదివారం మీ పేపర్లో పాత కార్ల ప్రకటనలు చూస్తుంటాను. సింగిల్ ఓనర్, కంపెనీ సర్వీస్, 40 వేల కిలోమీటర్లే తిరిగింది అని ఉంటుంది. మొదటి మాట నిజమో కాదో వాహన్ పోర్టల్లో, అంటే బండ్ల రిజిస్ట్రేషన్ వివరాలు ఉండే కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైట్‌లో, చాలా బండ్లకు నిమిషంలో తేలిపోతుంది. రెండోది సర్వీస్ సెంటర్ వాళ్లను బతిమాలుకుంటే తెలియొచ్చు. మూడోది, అంటే బండి రేటును తేల్చే అసలు మాట, సరిచూసుకునే దారి కొనేవాడికి మన దగ్గర లేదు. దాని గురించే రాస్తున్నాను, కొంచెం పొడవైనా దయచేసి వేయండి.

నాది 2016 మోడల్ అబార్త్ పుంటో. ఈ పేరు చాలామందికి తెలియకపోవచ్చు. చూడటానికి మామూలు ఫియట్ పుంటోలాగే ఉంటుంది, ఒంటి మీద తేలు బొమ్మ ఉంటుంది, అంతే. 2015 అక్టోబరులో 10 లక్షల లోపు ఎక్స్‌షోరూం ధరతో వచ్చింది. 1.4 లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజిన్, 145 హార్స్‌పవర్, నాలుగు చక్రాలకూ డిస్క్ బ్రేకులు, కంపెనీ లెక్క ప్రకారం 8.8 సెకన్లలో సున్నా నుంచి వందకు వెళ్లే బండి. ఇలాంటి చిన్న కార్లనే హాట్ హ్యాచ్ అంటారు. డ్యూటీ చేసుకునే మామూలు మనిషి ఇంటికి పనికొచ్చే కారులోనే కాస్త సరదా కూడా వెతుక్కుంటాడు, నాకైతే ఇందులో తప్పేమీ కనపడదు. టర్బో అందుకున్నాక సెకండ్ గేర్‌లో వచ్చే ఆ లాగుడు, పాతకాలపు హైడ్రాలిక్ స్టీరింగ్ చేతికి ఇచ్చే బరువు, ఇవి కొత్త కార్లలో నాకు దొరకలేదు.

పైగా ఇలాంటి బండ్లు కావాలంటే సెకండ్ హ్యాండే గతి. ఫియట్ మన దేశంలో కార్లు అమ్మడం మానేసి ఏళ్లయింది. బలెనో ఆర్‌ఎస్ 2020లో ఆగిపోయింది, ఫోర్డ్ ఇక్కడ కార్ల తయారీ ఆపేస్తున్నట్టు 2021లో ప్రకటించింది, పోలో 2022లో ఆగింది. కాబట్టి ఈ బండ్ల మీద ఇష్టం ఉన్న కుర్రాళ్లందరూ పాత కార్ల షాపులకే వెళ్తున్నారు, అక్కడ చెప్పిన రీడింగే నమ్ముతున్నారు. నేనూ అలాగే నమ్మాను.

2024లో హైదరాబాద్‌లోని ఒక పాత కార్ల షాపులో 4 లక్షల 60 వేలకు కొన్నాను. షాపు పేరు రాయడం లేదు, విషయం వినియోగదారుల కమిషన్ ముందు ఉంది. బండి కర్ణాటక రిజిస్ట్రేషన్, మీటరులో 46 వేల చిల్లర. కొనేముందు నాకు తెలిసినంతలో అన్నీ చూశాను. ఓనర్లు ఎంతమంది, లోన్ తీరిందా, చలానాలు ఉన్నాయా, వేరే రాష్ట్రానికి మార్చుకోవడానికి అక్కడి ఆర్టీఓ ఎన్‌వోసీ వస్తుందా, యాక్సిడెంట్ అయి పెయింట్ వేయించారా, డోర్ల రబ్బరు లాగి వెల్డింగ్ మచ్చలు కూడా వెతికాను. ఎన్‌వోసీకి, ఇక్కడ మళ్లీ కట్టిన లైఫ్ ట్యాక్స్‌కి పడిన తిప్పలు వేరే కథ, అది వేరే రాష్ట్రం బండి కొన్న అందరికీ ఉన్నదే.

మూడు నెలల తర్వాత ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్‌ఆర్) మీద శంషాబాద్ దగ్గర టైరు పంక్చర్ అయింది. డిక్కీలో కార్పెట్ ఎత్తి స్టెప్నీ బయటికి తీశాను. ఆ గుంత అడుగున, జాకీ కింద, నాలుగు మడతలు పెట్టిన ఒక పసుపు రంగు కాగితం అతుక్కుని ఉంది. బెంగళూరులో ఏదో టైర్ల షాపు వాళ్లు చేత్తో రాసిన వీల్ అలైన్‌మెంట్ బిల్లు, కార్బన్ కాపీ. తేదీ 2021. బండి నంబరు నాదే. కిలోమీటర్లు అన్న గడిలో 83,412 అని రాసి ఉంది. రోడ్డు పక్కన రెయిలింగ్ దగ్గర నిలబడి ఆ అంకెను ఎన్నిసార్లు చదివానో. ఇంట్లో వాళ్లు కారులో కూర్చుని ఏమైంది, ఏమైంది అని అడుగుతున్నారు, నాకు నోట మాట రాలేదు.

2021లో 83 వేలు ఉన్న మీటరు 2024లో 46 వేలు ఎలా అవుతుంది? మధ్యలో ఆ మూడేళ్లూ ఇంకెంత తిరిగిందో దేవుడికే తెలియాలి.

మర్నాడే బాలానగర్ వైపు ఉన్న షెడ్డుకు తీసుకెళ్లాను. అక్కడి మేస్త్రీకి ఫియట్ బండ్లు బాగా తెలుసు, లీనియా టర్బోలోనూ ఈ ఇంజినే ఉండేది కాబట్టి కొన్ని సామాన్లు ఎక్కడ దొరుకుతాయో కూడా ఆయనకే తెలుసు. ఆయన ముందు టైమింగ్ బెల్ట్ కవర్ విప్పారు. ఈ ఇంజిన్‌లో చైన్ ఉండదు, రబ్బరు బెల్టే ఉంటుంది, దాన్ని తిరిగిన కిలోమీటర్లను బట్టీ గడిచిన ఏళ్లను బట్టీ మార్చాలి. కొన్నప్పుడు నేను బెల్ట్ గురించి అడిగితే షాపు వాళ్లు 46 వేలకు ఇంకా టైముంది సార్ అన్నారు, ఏళ్ల లెక్క కూడా ఉంటుందని అప్పటికి నాకు తెలియక ఊరుకున్నాను. మేస్త్రీ టార్చ్ వేసి బెల్ట్‌ను వేలితో మడిచి చూపించారు. పళ్ల మధ్యన సన్నగా పగుళ్లు, ఒక అంచున దారాలు ఊడి వేలాడుతున్నాయి. ఇది ఓఆర్‌ఆర్ మీద తెగి ఉంటే వాల్వులు పిస్టన్లకు కొట్టుకుని ఇంజిన్ అక్కడికక్కడే పోయేది అన్నారు. అక్కడ స్పీడ్ లిమిట్ 120. వెనక సీట్లో నా ఇద్దరు పిల్లలు ఉంటారు.

అందుకే మీటరు తిప్పడాన్ని పాతిక వేలకో యాభై వేలకో సంబంధించిన చిన్న మోసంగా చూడొద్దని నా మనవి. బెల్ట్, బ్రేక్ ప్యాడ్లు, గేర్ ఆయిల్, సస్పెన్షన్ బుష్‌లు, అన్నిటికీ ఆ అంకే లెక్క. నెమ్మదిగా తిరిగే కారుకైతే ఎలాగో నడిచిపోతుందేమో గానీ, గట్టిగా తోలడానికే కొనుక్కునే ఇలాంటి బండిలో ఆ అబద్ధం మన ప్రాణం మీదికి వస్తుంది. బెల్టూ వాటర్ పంపూ కలిపి మార్పించడానికి 19 వేలు అయింది. డబ్బు సంగతి ఎలాగున్నా, ఆ కాగితం దొరక్కపోయి ఉంటే అన్న ఆలోచన మాత్రం వదలడం లేదు.

షాపుకు వెళ్తే, మా దగ్గరికి వచ్చినప్పుడే అంత ఉంది సార్, మాకేం తెలుసు అన్నారు. నేను సంతకం పెట్టిన కాగితం తీసి చూపించారు, మీటరు రీడింగ్‌కు మా బాధ్యత లేదు అని కింద చిన్న అక్షరాల్లో ఉంది. బిల్లు చూపించినా అదే మాట. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు ఇచ్చాను. కొన్న ధర 5 లక్షల లోపు ఉంటే ఫీజు కూడా ఉండదు, ఈ సంగతి తెలియక చాలామంది ఆగిపోతున్నారు.

ఇప్పుడు నేను బండి చూసే పద్ధతే మారిపోయింది. బ్రేక్ పెడల్ రబ్బరు చూస్తాను. 40 వేలు తిరిగిన కారుకు దాని మీద గీతలు ఇంకా తెలుస్తూ ఉండాలి. నా బండిలో కుడి అంచున గీతలు పూర్తిగా పోయి నున్నగా మెరుస్తోంది, అది నేను కొన్న రోజునా అలాగే ఉంది, నా కంటికి ఆనలేదు. స్టీరింగ్ మీద చేతులు పెట్టే చోట తోలు పాలిష్ చేసినట్టు అవుతుంది. డ్రైవర్ సీటుకు దిగేవైపున దిండు కుంగిపోతుంది. టైరు పక్కన నాలుగంకెల కోడ్ ఉంటుంది, మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. బండి ఎప్పటిది, టైర్లు ఎప్పటివి, ఆ లెక్కన ఎన్ని సెట్లు మారి ఉండాలి అని వేసుకుంటే కొంత బయటపడుతుంది. పెడల్ రబ్బరు కొత్తగా మెరిసిపోతున్నా అనుమానించాల్సిందే. కానీ ఇదంతా అందాజా. ఇల్లు కొనేవాడు ఈసీ తీసుకుంటాడు, గోడల్ని తట్టి చూసి రిజిస్ట్రేషన్ చేయించుకోడు కదా.

మా చిన్నాన్న కొడుకు ఇంగ్లండ్‌లో కోవెంట్రీలో ఉంటాడు. వాడికీ ఇదే పిచ్చి, ఫోర్డ్ ఫియెస్టా ఎస్‌టీ పాతది ఒకటి కొన్నాడు. అమ్మేవాడి ఇంటి ముందు నిలబడి ఫోన్లో ప్రభుత్వ వెబ్‌సైట్ తెరిచి బండి నంబరు కొడితే, ఏ ఏడు టెస్టుకు తెచ్చారు, అప్పుడు మీటరు ఎంత, ఎందులో ఫెయిలయింది, ఏ టైరు అరిగిందని హెచ్చరించారు, అన్నీ వచ్చాయట. పైసా ఖర్చు లేదు. అక్కడ కారుకు మూడేళ్లు నిండాక ఏటా ఎంఓటీ అనే టెస్టు ఉంటుంది, ఆ రికార్డు ఎవరైనా చూడొచ్చు. బెల్జియంలోనైతే 2006 నుంచి కార్‌పాస్ అని ఒక పత్రం తప్పనిసరి, బండి రీడింగుల చరిత్ర అంతా అందులో ఉంటుంది, అది ఇవ్వకుండా పాత కారు అమ్మితే కొన్నవాడు ఆ అమ్మకాన్నే రద్దు చేయమని అడగొచ్చు.

మన దగ్గర సొంత కారుకు 15 ఏళ్లు నిండేదాకా ఫిట్‌నెస్ టెస్ట్ లేదు, నిజమే. అయినా ఏటా పొల్యూషన్ సర్టిఫికెట్ తీసుకుంటున్నాం కదా. ఆ సెంటర్లో బండి నంబరు ప్లేటు ఫోటో తీసి ఆన్‌లైన్లో ఎక్కిస్తారు. అదే మనిషి అదే ఫోన్‌తో మీటరు ఫోటో కూడా ఒకటి తీస్తే ఎంతసేపు పడుతుంది? ఇన్సూరెన్స్ గడువు దాటిపోతే కంపెనీ వాళ్లు ఎలాగూ మీటరు ఫోటో అడుగుతున్నారు. సర్వీస్ సెంటర్ జాబ్ కార్డులో రీడింగ్ రాయకుండా బండి లోపలికే వెళ్లదు. అంటే లెక్క ఉంది, ఎవరి కంప్యూటర్లో వాళ్ల దగ్గర ఉంది, డబ్బు పెట్టి కొనేవాడికి మాత్రం కనపడదు.

2023 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం పాత కార్ల డీలర్లు రవాణా శాఖ దగ్గర అనుమతి తీసుకోవాలి, తమ దగ్గరున్న బండిని బయటికి తీసిన ప్రతిసారీ ఎవరు నడిపారు, ఎందుకు, ఎంత దూరం అని ఎలక్ట్రానిక్ రిజిస్టర్ రాయాలి. మంచి నిబంధన. కానీ మా ఏరియాలో ఎన్ని షాపులకు ఆ అనుమతి ఉందో, ఎవరైనా వచ్చి ఆ రిజిస్టర్ చూశారో లేదో అధికారులే చెప్పాలి. నేను కొన్న షాపులో అడిగితే అలాంటి పుస్తకం ఏదీ లేదన్నారు.

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రవాణా శాఖలను నేను కోరేది ఒక్కటే. పొల్యూషన్ టెస్ట్ చేసిన ప్రతిసారీ మీటరు రీడింగ్ నమోదు చేసి, ఆ పట్టిక బండి నంబరు కొడితే ఎవరికైనా కనపడేలా పెట్టండి. కేంద్రం నిబంధన మార్చాల్సి వస్తే ఆ మాట కేంద్రానికి రాయండి. ఇవాళ మొదలుపెడితే రెండు మూడేళ్లలోనే ఏ బండి మీటరు వెనక్కి వెళ్లిందో దానంతట అదే తెలిసిపోతుంది.

దీని మీద మీ విలేకరులతో ఒక వార్త చేయించండి. మా మేస్త్రీ కూడా మాట్లాడతానన్నారు, ఆయన షెడ్డుకు వచ్చే బండ్లలో ఇలాంటివి చాలానే చూశారట. స్టెప్నీ కింద దొరికిన బిల్లు కాపీ, నేను కొన్న రోజు తీసిన మీటరు ఫోటో ఈ ఉత్తరంతో పాటు పంపుతున్నాను. బండి నంబరు, ఆ టైర్ల షాపు పేరు మాత్రం కనపడకుండా చేసి వేయగలరు.

ఇట్లు,
మీ పాఠకుడు,
కూకట్‌పల్లి, హైదరాబాద్