పొలం తాకట్టు పెట్టే ముందు

సంపాదకులకు నమస్కారం. అమెరికాలో ఉద్యోగం చేసే పిల్లలు అక్కడ హోటలో కిరాణా దుకాణమో పెడతామంటే, మా గుంటూరు చుట్టుపక్కల తల్లిదండ్రులు పొలం తాకట్టు పెట్టి డబ్బు సమకూర్చుతున్నారు గానీ అక్కడి నిబంధనలేమిటని అడిగేవారు తక్కువ. హెచ్‌-1బీ వీసాపై ఉన్నవారు వ్యాపారంలో వాటా ఉంచుకోవచ్చు. అయితే ఆ వీసాకు దరఖాస్తు చేసిన సంస్థకే పనిచేయాలి కనుక, సొంత దుకాణంలో గల్లాపెట్టె దగ్గర కూర్చోవడం కూడా వీసాకే ముప్పు తేవచ్చు. ఈ-2 పెట్టుబడి వీసా, మన దేశానికి అమెరికాతో అందుకు తగిన ఒప్పందం లేనందున, భారత పౌరులకు దొరకదు. పెట్టుబడి పెట్టినవారికి గ్రీన్‌కార్డు దారి చూపే ఈబీ-5 వీసాకు కనీసం 8 లక్షల డాలర్లు కావాలి. ఇక్కడి నుంచి ఒక్కొక్కరు ఆర్థిక సంవత్సరానికి పంపగలిగేది 2.5 లక్షల డాలర్లే. విదేశీ పెట్టుబడికి ఇలా పంపే డబ్బుకు బ్యాంకులు అప్పివ్వరాదని రిజర్వు బ్యాంకు నిబంధన ఉండటంతో, చాలామంది బయటి వడ్డీకి వెళ్తారేమోనని నా భయం. బ్యాంకు శాఖల్లో ఈ వివరాలను తెలుగులో ప్రదర్శించాలని కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు