ప్లాస్మా ఇవ్వాలా వద్దా అని అడిగిన శ్రీధర్‌కు

ప్రియమైన శ్రీధర్,

నీ ఉత్తరం అందింది. ఇక్కడ అమెరికాలో నీ గదిలో ఉండే కుర్రాళ్లిద్దరూ వారానికి రెండుసార్లు ప్లాస్మా కేంద్రానికి వెళ్లి, డబ్బుకు ప్లాస్మా ఇచ్చి కిరాణా ఖర్చు రాబట్టుకుంటున్నారనీ, నువ్వు కూడా వెళ్లవచ్చా అనీ అడిగావు. ఆసుపత్రి ల్యాబులో పనిచేసేవాణ్ణి కనుక ఈ విషయంలో నాకు తెలిసింది కొంత ఉంది, అభిప్రాయం అంతకంటే ఎక్కువే ఉంది. ముందే చెప్పేస్తాను: ఇవ్వడం మంచిదే, కానీ వాళ్లు ఇవ్వవచ్చన్నన్ని సార్లు ఇవ్వకు, ఇంటి అద్దెకు ఆ డబ్బును నమ్ముకోకు.

రక్తంలో కణాలు పోగా మిగిలే ద్రవమే ప్లాస్మా, రక్తంలో దాదాపు 55 శాతం అదే. అందులో తొంభై శాతానికి పైగా ఉత్త నీరే. మిగిలిన కాస్త ప్రొటీన్ల కోసమే ఇంత తతంగం. కాలిన గాయాలవాళ్లకు ఎక్కించే అల్బుమిన్, హీమోఫీలియా రోగులకు కావలసిన గడ్డకట్టించే ఫ్యాక్టర్లు, పుట్టుకతోనే రోగనిరోధక శక్తి లేనివాళ్లకు జీవితాంతం కావలసిన ఇమ్యునోగ్లోబులిన్ (అంటే రోగాలతో పోరాడే యాంటీబాడీలు), అన్నీ దీనిలోనివే. ఫ్యాక్టర్లను ఇప్పుడు ప్రయోగశాలలో కూడా తయారుచేస్తున్నారు గాని, ఇమ్యునోగ్లోబులిన్‌కు మనుషులిచ్చే ప్లాస్మాయే ఆధారం. అటువంటి రోగి ఒక్కరికి ఏడాది పొడవునా మందు అందాలంటే సుమారు 130 సార్లు ఇచ్చిన ప్లాస్మా కావాలని ఈ రంగంలోనివాళ్లు లెక్క చెబుతారు. ఆస్ట్రేలియాలో జేమ్స్ హారిసన్ అనే ఆయన 1954 నుంచి 2018 వరకు 1,173 సార్లు దానం చేశాడు. తల్లీబిడ్డల రక్తం గ్రూపుల్లో ఆర్‌హెచ్ (పాజిటివ్, నెగటివ్) తేడా వల్ల కడుపులోని బిడ్డకు ముప్పు రాకుండా తల్లికిచ్చే యాంటీ-డి ఇంజెక్షనుకు కావలసిన అరుదైన యాంటీబాడీ ఆయన ప్లాస్మాలో ఉండేది. 2025 ఫిబ్రవరిలో ఎనభై ఎనిమిదేళ్ల వయసులో పోయాడు. అన్నిసార్లు ఇచ్చిన మనిషి అంతకాలం బతికాడు కదా అని నువ్వు వాదిస్తావేమో. ఆయన ఇచ్చింది వారానికి రెండుసార్ల లెక్కన కాదని గమనించు.

ఇక కేంద్రంలో జరిగేది. మొదటిసారి వెళ్లినప్పుడు సగం పూట అక్కడే గడిచిపోతుంది. గుర్తింపు పత్రాలు, చిరునామా రుజువు, సూటిగా అడిగే ప్రశ్నలు, శరీర పరీక్ష, బరువు, బీపీ, వేలికి సూది గుచ్చి చూసే ప్రొటీన్, హెమటోక్రిట్ (రక్తంలో ఎర్ర కణాల శాతం), అన్నీ అయ్యాకే మంచం చూపిస్తారు. బరువు 50 కిలోలకు తగ్గితే వెనక్కు పంపుతారు. మోచేతి మడతలో గుచ్చే సూది రక్తపరీక్షకు వాడేదానికంటే బాగా లావుగా ఉంటుంది. యంత్రం రక్తాన్ని లాగి, గిర్రున తిప్పి, ప్లాస్మాను సీసాలోకి వదిలి, ఎర్ర కణాలను మళ్లీ నీలోకే పంపిస్తుంది. లాగడం, పంపడం అలా చాలాసార్లు జరుగుతుంది. లాగేటప్పుడు గుప్పిట మూసి తెరుస్తూ ఉండాలి, పంపేటప్పుడు ఊరుకోవాలి. సీసాలో చేరేది పలుచగా కాచిన నెయ్యి రంగులో ఉంటుంది. ముందురోజు రాత్రి నూనె తేలే బిర్యానీ తిని వెళ్తే అది మసకగా తెల్లబారుతుంది, అటువంటిదాన్ని పారవేయవలసి వస్తుంది కూడా. పప్పు, గుడ్లు, పెరుగు తిని, నీళ్లు బాగా తాగి వెళ్లు.

రక్తం గడ్డకట్టకుండా గొట్టంలో సిట్రేట్ కలుపుతారు. అది ఒంట్లోని కాల్షియాన్ని పట్టుకోవడం వల్ల పెదవుల చుట్టూ, వేళ్ల చివర తిమ్మిరి పుడుతుంది, నోట్లో ఇనుము రుచి తగులుతుంది. అప్పుడు మొహమాటపడకుండా వెంటనే చెప్పాలి; వేగం తగ్గిస్తారు, కాల్షియం బిళ్ల ఇస్తారు. చివర సెలైన్ ఎక్కించేటప్పుడు చెయ్యంతా చల్లబడుతుంది కనుక ఎండాకాలమైనా స్వెట్టరు తీసుకుపో. కళ్లు తిరగడం, చెయ్యి కమిలిపోవడం మామూలే. అరుదుగా యంత్రం మొరాయించి ఎర్ర కణాలు తిరిగి రాకపోతే, రక్తదానం చేసినవాళ్లలాగే ఎనిమిది వారాలు ఆగవలసి ఉంటుంది.

నాకు గట్టిగా అభ్యంతరం ఉన్నది సార్ల లెక్క దగ్గరే. మధ్యలో కనీసం ఒక రోజు విడిచి, ఏడు రోజుల్లో రెండుసార్లు ఇవ్వవచ్చునని అమెరికా నియమం, అంటే ఏడాదికి నూటికి పైగా. మామూలు లెక్కన బరువును బట్టి ఒక్కోసారి, కలిపిన సిట్రేట్‌తో సహా, 690 నుంచి 880 మిల్లీలీటర్ల దాకా తీస్తారు. జర్మనీలో డబ్బు ఇస్తారు గాని ఏడాదికి 60 సార్లే. ఇంగ్లండులో, ఆస్ట్రేలియాలో రెండు వారాలకు ఒకసారి. అంతెందుకు, ఈ దేశంలోనే రెడ్ క్రాస్ వాళ్లు డబ్బివ్వకుండా తీసుకునేటప్పుడు 28 రోజులకు ఒకసారి, ఏడాదికి 13 సార్లు చాలంటారు. శరీరం ఒకటే, దేశం ఒకటే, లెక్కలు మాత్రం ఇంత దూరంలో ఉన్నాయి! నీరు ఒకటి రెండు రోజుల్లో భర్తీ అవుతుంది గాని ప్రొటీన్లకు అంతకంటే ఎక్కువ కాలం పడుతుంది. ఆగకుండా ఇచ్చేవాళ్లలో ఇమ్యునోగ్లోబులిన్ స్థాయి తగ్గుతుంది. అందుకే ప్రతిసారీ ప్రొటీన్, నాలుగు నెలలకోసారి మరింత వివరమైన రక్తపరీక్ష చూడాలని నియమం పెట్టారు. ఏళ్ల తరబడి ఒకేచోట గుచ్చితే నరం కూడా గట్టిపడుతుంది.

డబ్బు విషయానికి వస్తే, కొత్తవాళ్లకు మొదటి నెలలో వందల డాలర్లు ఆశ చూపిస్తారు, ఆ తర్వాత ఒక్కోసారికి సుమారు 30 నుంచి 70 డాలర్లకు దిగుతుంది. రెండోసారి వచ్చినందుకు మొదటిసారి కంటే ఎక్కువ ఇచ్చే పద్ధతి కూడా ఉంది, అది మనిషిని వారానికి రెండుసార్లకు అలవాటు చేసే ఎత్తు అని నా నమ్మకం. ప్రపంచంలో మందులకు వాడే ప్లాస్మాలో దాదాపు మూడింట రెండు వంతులు ఇక్కడినుంచే వెళ్తోందంటే ఆ ఎత్తు పారుతున్నట్టే. ఈ కేంద్రాలు ఎక్కువగా బీదపేటల దగ్గర, విద్యార్థులుండే చోట్ల వెలుస్తాయి. డబ్బే వద్దని నేను అనను. డబ్బివ్వకపోతే ఆ రోగులకు మందు దొరకదేమోనన్న భయం నాకూ ఉంది. మన భారతదేశంలో సుప్రీంకోర్టు తీర్పు వల్ల 1998 జనవరి 1 నుంచి రక్తం అమ్ముకోవడం నిషేధం కనుక, మన పెద్దవాళ్లకు ఇది వింటేనే ఒళ్లు మండుతుంది. ఆ కోపం ఊరికే పుట్టింది కాదు. 1990లలో చైనాలోని హెనాన్‌లో పల్లె జనం దగ్గర ప్లాస్మా కొని, అందరి ఎర్ర కణాలూ కలిపేసి తిరిగి ఎక్కించడంతో ఊళ్లకు ఊళ్లే హెచ్‌ఐవీ పాలయ్యాయి. ఇక్కడ ప్రతి ఒక్కరికీ కొత్త గొట్టాలు, కొత్త సూది వాడతారు కనుక ఆ భయం నీకు అక్కరలేదు.

నీకు అసలు భయం వీసాది. ఈ డబ్బు ఆదాయమే, పన్ను కట్టాలి. అరుదైన గ్రూపు ప్లాస్మా అమ్ముకున్న ఒకావిడ విషయంలో 1980లోనే పన్నుల కోర్టు ఆ మాట తేల్చింది. ఆమె ప్రయాణ ఖర్చులను మాత్రం సరుకు రవాణా కింద మినహాయించింది, ఆమే ఆ సరుకున్న పాత్ర అట! 2021లో సరిహద్దు అధికారులు సందర్శక వీసాలమీద వచ్చి ప్లాస్మా ఇచ్చే మెక్సికో వాళ్లను, ఇది కూలిపనే అంటూ ఆపేశారు. 2022లో కోర్టు ఆ ఆంక్షను నిలిపివేసింది. నీది ఎఫ్-1, అంటే విద్యార్థి వీసా, వేరే సంగతి. అయినా ముందు యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల ఆఫీసుకు వెళ్లి అడుగు, జవాబు ఈమెయిల్లో తీసుకో. గదిలోని కుర్రాళ్ల మాట చట్టం కాదు.

నీది ఏబీ గ్రూపు కదా. ఆ ప్లాస్మా ఏ గ్రూపు రోగికైనా ఎక్కించవచ్చు, అందుకే రెడ్ క్రాస్ వాళ్లు ఏబీ వాళ్లను ప్రత్యేకంగా పిలుస్తారు. మలేరియా ఉన్న దేశాలనుంచి వచ్చి స్థిరపడినవాళ్లు రెడ్ క్రాస్‌లో ఇవ్వాలంటే మూడేళ్లు ఆగాలని నియమం ఉంది, నీకు అది దాటిపోయింది. మధ్యలో ఊరికి ఎప్పుడు వెళ్లి వచ్చావో మాత్రం దాచకుండా చెప్పు. డబ్బు కోసమే అయితే, విదేశీ విద్యార్థుల ఆఫీసువాళ్లు సరేనంటే, రెండు మూడు వారాలకు ఒకసారి వెళ్లు, పరీక్షలముందు వద్దు. మొదటిసారి వేలినుంచి తీసి చూసిన ప్రొటీన్ అంకె అడిగి నాకు రాయి. అది తక్కువగా, ఆరుకు దగ్గరగా ఉంటే రెండోసారి వెళ్లేముందు నాకు ఫోన్ చెయ్యి.

ఇట్లు
నీ రాఘవ