ద్రాక్ష తోటకు వాన తేదీలు కావాలి

సంపాదకుల వారికి,

జిల్లా పేజీలో వానల లెక్క శాతాల్లో వస్తుంటుంది: సాధారణం, లోటు, అధికం. వేరుశనగకు ఆ లెక్క ఎంతోకొంత పనికొస్తుంది. ద్రాక్షకు మాత్రం దండగ. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు పడే అనంతపురంలో తోట బతికేది బోరు మీద, డ్రిప్ మీద. పంటను ఉంచేదీ ముంచేదీ, కత్తిరింపు తర్వాత ఏ వారం మబ్బు పట్టింది, ఏ రాత్రి ఆకు తడిసింది అన్నదే.

మన దగ్గర తీగ చలికి నిద్రపోదు. అందుకే ఏడాదికి రెండు కత్తిరింపులు, ఒకటే పంట. ఏప్రిల్‌ది కొమ్మ కోసం, అక్టోబరుది కాయ కోసం. అందరి భయం అక్టోబరు వాన గురించే గానీ, గుత్తులెన్నో అంతకు ముందే తేలిపోతుంది. ఏప్రిల్ కత్తిరింపు అయిన 45 నుంచి 60 రోజుల మధ్య మొగ్గ లోపల పూగుత్తి రూపు కడుతుంది. అప్పుడు ఎండ కావాలి. ఏప్రిల్ 1న కత్తిరిస్తే ఆ రోజులు మే 16-31 మధ్య వస్తాయి, ఎండకు కొదవుండదు. కూలీలు దొరకలేదని 25కు జరిపితే జూన్ 9-24కు పోయి నైరుతి మబ్బుల కింద పడతాయి. పైగా యూరియా ఎక్కువైందా, గుత్తి కావలసింది నులితీగ (పందిరిని చుట్టుకునే తీగ) అవుతుంది. ఆ సంగతి అక్టోబరు చిగురు వచ్చేదాకా బయటపడదు. అప్పుడు మందుల అంగడివాడితో పోట్లాడి లాభం లేదు.

అక్టోబరు చిక్కు వేరు. 10న కత్తిరిస్తే 130 రోజులకు, ఫిబ్రవరి 17 ప్రాంతంలో కోత. మంచిదే, కానీ లేత చిగురూ పూతా తుపాను మబ్బుల్లో ఇరుక్కుంటాయి. ఒక్క వాన గట్టిగా పడి, ఆకు రాత్రంతా తడిగా ఉంటే బూజు తెగులుకు తలుపు తీసినట్టే. ఆకు పైన నూనె చుక్కలాంటి పసుపు మచ్చ, తిప్పి చూస్తే అడుగున తెల్లటి నూగు. పూగుత్తికి సోకితే ఎండి రాలుతుంది. 2009 నవంబరులో ఫయాన్ తుపాను మహారాష్ట్ర ద్రాక్షకు ఇలాంటి వాతావరణమే తెచ్చింది. పోనీ అని నవంబరు 10కి జరిపితే కోత మార్చి 20కి పోతుంది. అప్పటికి ఎండ ముదురుతుంది, పండే కాయ మీద ఒక్క వేసవి జల్లు పడినా తొక్క పగులుతుంది.

కత్తిరించిన కాడలకు 1 శాతం బోర్డో మిశ్రమం కొడతారు. కిలో మైలుతుత్తం 50 లీటర్లలో, కిలో సున్నం 50 లీటర్లలో విడివిడిగా కలిపి, తుత్తం నీళ్లను సున్నపు నీళ్లలో పోయాలి. ఇనుప పాత్ర పనికిరాదు. తళతళలాడే కొడవలి మొన ముంచి తీస్తే ఎర్రగా మారిందంటే సున్నం చాలలేదు. మబ్బు రోజున లేత ఆకు మీద కొడితే తెగులు కంటే ముందు మందే ఆకును మాడుస్తుంది. ఈ మిశ్రమం పుట్టింది 1880లలో ఫ్రాన్స్‌లోని బోర్డో వైన్ తోటల్లో, ఇదే బూజు కోసం.

వైన్ ద్రాక్ష ఇంకా సున్నితం. తినే ద్రాక్షను 16-18 బ్రిక్స్ (రసంలో చక్కెర కొలత) తీపికి కోయొచ్చు. వైన్‌కు 22-24 కావాలి, పులుపూ మిగలాలి. రాత్రి చల్లబడితేనే పులుపు నిలుస్తుంది. హిందూపురానికి ఆవల నంది కొండల ప్రాంతంలో వైన్ తోటలు నిలదొక్కుకున్నాయంటే ఆ ఎత్తు పుణ్యం కూడా ఉంది. మన వేడి రాత్రుల్లో తీపి ఎక్కేలోపే పులుపు జారిపోతుంది. ఫ్రాన్స్‌లో 2003 ఎండలకు బర్గండీలో కోత ఆగస్టులోనే మొదలైంది. 2021లో మార్చి వెచ్చదనానికి తొందరపడి విచ్చిన మొగ్గలను ఏప్రిల్ మంచు కాల్చింది. సాళ్ల మధ్య మంటలు పెట్టి రాత్రంతా కాపలా కాశారు. నెల సగటు చూస్తే ఆ రెండు మూడు రాత్రులు కనబడవు.

కాబట్టి రెండు మనవులు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మండలాలవారీగా ఏ రోజు ఎంత వాన, రాత్రి గాలిలో తేమ ఎంత అన్నది మీ పత్రిక చిన్న పట్టికగా వేయాలి. రెండోది అధికారులకు: కత్తిరింపు తేదీని రైతు సేవా కేంద్రంలో నమోదు చేసి, వాతావరణ బీమా లెక్క ఆ తేదీ నుంచి కట్టాలి. అక్టోబరు 5న కత్తిరించిన తోటకు పూతలో పడ్డ నవంబరు వాన, నవంబరు 5న కత్తిరించిన పక్క తోటలో ఇంకా మోడు కాడల మీదే పడుతుంది.

ఇట్లు,
ద్రాక్ష సాగుదారులు,
అనంతపురం