శనివారం కార్డుల ఆట: మీతో నాలుగు మాటలు

తల్లిదండ్రులకు నమస్కారం.

వచ్చే నెల మొదటి శనివారం నుంచి ఆరో తరగతి, ఆపై తరగతుల పిల్లలకు మధ్యాహ్నం పూట మన గ్రంథాలయంలో పోకెమాన్ కార్డుల ఆట నేర్పించబోతున్నాం. ఈ మాట బయటికి పొక్కగానే గేటు దగ్గర ఒకరు నన్ను ఆపి, "ఏం మేడం, బడిలోనే పేకాటా?" అన్నారు. మన తిరుపతిలో కార్డులు అనగానే ఎవరికైనా ముందు తట్టేది అదే, కాబట్టి వాళ్లను తప్పుపట్టను. కానీ ఈ ఆటలో పందెం లేదు. డబ్బు చిక్కు ఒకటి ఉంది గానీ, అది ఆటలో కాదు, అంగట్లో ఉంది. ఈ ఉత్తరం ముఖ్యంగా దాని గురించే.

ముందు ఆట సంగతి. పోకెమాన్ మొదట వీడియో గేమ్. అందులో ఊహాజీవులను పట్టి పోగుచేయాలి, ఆ జీవులనే పోకెమాన్ అంటారు. 1996 ఫిబ్రవరిలో జపాన్‌లో గేమ్‌బాయ్ అనే చేతిలో పట్టుకునే ఆట యంత్రం మీద ఆడుకునేలా ఎరుపు, ఆకుపచ్చ అని రెండు రకాలుగా వచ్చింది. దాన్ని తయారుచేసిన సతోషి తజిరికి చిన్నప్పుడు పురుగులు పట్టి పోగుచేయడమంటే పిచ్చి. కొన్ని జీవులు ఎరుపులోనే దొరుకుతాయి, కొన్ని ఆకుపచ్చలోనే. అన్నీ కావాలంటే ఇంకొకరి యంత్రానికి కేబుల్ కలిపి మార్చుకోవాల్సిందే. అదే ఏడాది అక్టోబరులో కార్డుల ఆట కూడా వచ్చింది, 1999లో ఇంగ్లీషులోకి దిగింది. మీలో కొందరు చిన్నప్పుడు చిప్స్ ప్యాకెట్లలో ఈ బొమ్మల బిళ్లలు ఏరుకునే ఉంటారు. వీటిలో పసుపుపచ్చగా ఉండే పికాచును మీకు నేను పరిచయం చేయక్కర్లేదు.

ఆడేది ఇద్దరు. ఒక్కొక్కరికి 60 కార్డుల కట్ట. కలిపి, ఏడు చేతిలోకి తీసుకుని, ఆరు బోర్లా పక్కన పెడతారు. ఎదుటివాళ్ల పోకెమాన్‌ను పడగొట్టినప్పుడల్లా తన ఆరింటిలోంచి ఒకటి తీసుకోవచ్చు. కొన్ని పెద్ద కార్డులను పడగొడితే రెండు. ఆరూ ముందు ఎవరికి అయిపోతే వాళ్లది గెలుపు. దెబ్బ కొట్టాలంటే పోకెమాన్‌కు ఎనర్జీ కార్డులు తగిలించాలి, అదీ వంతుకు ఒక్కటే. తొందరపడితే పని జరగదు.

కొంతమంది పిల్లలతో ముందుగా ఆడించి చూశాం. దెబ్బలు లెక్కపెట్టడానికి పెట్టెలో వచ్చిన అట్టబిళ్లలు చాలకపోతే వంటశాల నుంచి చింతగింజలు తెచ్చుకున్నారు, గింజకు 10 చొప్పున. ఏడో తరగతి అబ్బాయి దగ్గర 90 బలం ఉన్న నిప్పు పోకెమాన్. ఎదుటి అమ్మాయి నీటి పోకెమాన్‌తో 50 కొట్టింది. వాడు తన కార్డు మీద అయిదు గింజలు పెట్టి, ఇంకా 40 మిగిలిందని కులాసాగా కూర్చున్నాడు. ఆ పిల్ల నోరెత్తకుండా వాడి కార్డు కింది మూలన చీమ తలకాయంత అక్షరాల మీద వేలు పెట్టింది. నీటి దెబ్బ పడితే రెండింతలు అని ఉందక్కడ. వాడు చదువుకుని, ఇంకో నాలుగు గింజలు తనే పెట్టి, కార్డు తీసి పక్కన పడేశాడు. ఇంగ్లీషు రీడర్ చదవమంటే గొణిగే పిల్లాడే వాడు!

లెక్కల టీచర్‌కు మాత్రం ఇది పండగే. మామూలు (బేసిక్) ఎనర్జీ కార్డులు తప్ప, ఒకే పేరున్న కార్డు కట్టలో నాలుగుకు మించకూడదని నియమం. మరి నాకు కావాల్సిన కార్డు నాలుగూ పెట్టుకుంటే, మొదటి ఏడింటిలో కనీసం ఒకటైనా రావడానికి అవకాశమెంత? లెక్కేస్తే నూటికి 40 వస్తుంది. సంభావ్యత పాఠం పదో తరగతి పిల్లలకు ఇలా చెబితే ఎక్కుతుందని ఆమె నమ్మకం, నాదీ అదే. ఇలాంటి ఆటలకు దారి వేసిన మ్యాజిక్ అనే కార్డుల ఆటను 1993లో తెచ్చిన రిచర్డ్ గార్‌ఫీల్డ్ కూడా గణితంలో డాక్టరేట్ చేసినవాడే.

ఇక చిక్కు సంగతి. ఈ కార్డులు బూస్టర్ అనే చిన్న ప్యాకెట్లలో అమ్ముతారు. మామూలుగా పది ఉంటాయి. ఏవి ఉన్నాయో చింపితే గానీ తెలియదు. కార్డు మూలన సున్నా గుర్తుంటే మామూలుది, డైమండ్ గుర్తుంటే కాస్త అరుదు, నక్షత్రం ఉంటే అరుదైనది. ఆ నక్షత్రం కోసం ఒక ప్యాకెట్, అది రాలేదని ఇంకొకటి. గంగ జాతరలో లక్కీ డ్రా చీటీ లాగినట్టే ఉంటుంది. నా అభిప్రాయం సూటిగా చెబుతున్నాను: పిల్లలను ఆట ఆడనివ్వండి, ప్యాకెట్లు మాత్రం కొనివ్వకండి. ఆడటానికి అవి అవసరమే లేదు. 60 కార్డులతో సిద్ధంగా కట్టిన కట్టలు దొరుకుతాయి, అలాంటివే కొన్ని గ్రంథాలయం కోసం కొన్నాం. బీరువాలో ఉంటాయి, ఆడి మళ్లీ అక్కడే పెట్టాలి.

ఇంటి నుంచి కార్డులు తేవడం, బడిలో మార్చుకోవడం, అమ్ముకోవడం కుదరదు. మార్చుకోవడంలోనే ఈ ఆటకు సగం సరదా ఉందని నాకూ తెలుసు. కానీ ఆరో తరగతి పిల్లాడిని పదో తరగతి వాడు బేరంలో బోల్తా కొట్టించడం క్షణంలో పని. అమెరికాలో 1999 ప్రాంతంలో చాలా బడులు ఈ కార్డులను నిషేధించింది ఇలాంటి గొడవలతోనే. రోడ్డు పక్కన బంగారు రంగులో తళతళలాడే ప్లాస్టిక్ కార్డులు అమ్ముతుంటారు, అవి దాదాపుగా నకిలీవే. ఏదో గొప్ప కార్డు దొరికిందని మురిసిపోయి డబ్బు పోయకండి.

ఫోన్‌లోనూ ఇలాంటి కార్డుల ఆట ఒకటుంది, పోకెమాన్ టీసీజీ పాకెట్ అని, 2024 అక్టోబరులో వచ్చింది. రోజుకు రెండు ప్యాకెట్లు ఉచితంగా ఇచ్చి, ఇంకా కావాలంటే డబ్బు అడుగుతుంది. మన శనివారం తరగతికి దానితో ఏ సంబంధమూ లేదు. "మేడం డౌన్‌లోడ్ చేసుకోమన్నారు" అని మీ పిల్లలు చెబితే నమ్మకండి.

ఇష్టం లేని పిల్లలకు ఆ సమయంలో క్యారమ్స్, చదరంగం ఎప్పటిలాగే ఉంటాయి, బలవంతం ఏమీ లేదు. మొదటి శనివారం మీరూ వచ్చి ఒక ఆట ఆడి చూడండి, అవ్వాతాతలు వస్తే మరీ మంచిది. దీంతోపాటు పంపిన చీటీ మీద అవునో కాదో రాసి, సంతకం చేసి, ఈ శుక్రవారంలోగా క్లాస్ టీచర్‌కు అందేలా డైరీలో పెట్టి పంపండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు