శీనుకి, బెజవాడ బ్రాహ్మణ వీధి నుంచి అమ్మ

నాన్నా శీనూ,

ఎలా ఉన్నావు, సుధ ఎలా ఉంది, చిన్నికి దగ్గు తగ్గిందా. సిరప్పు రెండు పూటలా పోస్తున్నారా లేక తగ్గింది కదా అని ఆపేశారా, మధ్యలో ఆపితే తిరగబెడుతుంది. నేను బానే ఉన్నా. పెద్ద విశేషమేం లేదు, ఊరికే రాయాలనిపించి రాస్తున్నా. సుబ్బులు కూతురు ఫోన్లో తెలుగు పెట్టిచ్చింది, ఎంత పొడుగైనా రాయొచ్చంది.

ఇక్కడ ఒకటే వానలు. ప్రకాశం బ్యారేజీ గేట్లు ఎత్తారు. నిన్న సాయంత్రం బట్టలు తియ్యడానికి డాబా ఎక్కితే ఫ్లైఓవర్ అవతల నీళ్ళు ఎర్రగా కనపడుతున్నాయి, సీతానగరం వైపు అంతా మసక మసగ్గా ఉంది. బ్యారేజీకి ఎన్ని క్యూసెక్కుల నీరు వస్తోందో పేపర్లో రోజూ చూస్తున్నా, నాన్నగారి అలవాటే నాకూ వచ్చింది. 3.97 లక్షలైతే మొదటి హెచ్చరిక, 5.69 లక్షలైతే రెండోది, ఎక్కాలతో పాటు నీకు ఇవి కూడా అప్పజెప్పించేవారు గుర్తుందా.

వరలక్ష్మీ వ్రతం నాడు సుధ ఫోటోలు పంపింది. చీర బాగుంది, కలశం కూడా చక్కగా పెట్టింది. ఏ ఫోటోలోనూ నువ్వు లేవు. ఆరోజన్నా ఫోన్ చేస్తావనుకున్నా, పనిలో ఉండుంటావులే. నువ్వు మాట్లాడి ఇవాల్టికి 23 రోజులు. గ్యాస్ బండ వచ్చిన తారీఖు క్యాలెండర్ మీద రాసుకుంటాను కదా, నువ్వు ఆఖర్న చేసింది ఆ రోజే, అందుకని తెలిసింది.

మొన్న మంగళవారం ఇద్దరు కుర్రాళ్ళు వచ్చారు ఇంటికి. ఎండన పడి వచ్చారని ముందు మంచినీళ్ళిచ్చి, ఆ తర్వాత అడిగా ఎవరు బాబూ అని. సార్ పంపారండీ కొలతలకి, అన్నారు. ఏ సారో చెప్పలేదు. టేపు కూడా కాదు, టీవీ రిమోటంత వస్తువు ఒకటి గోడకి ఆనించి నొక్కితే ఎదురు గోడ మీద ఎర్రచుక్క పడుతోంది, ఎన్ని అడుగులో అదే చెప్పేస్తోంది. వీధి గది, హాలు, నడవ, పెరడు, బావి దాకా అన్నీ కొలిచారు. హాల్లో కొలిచేటప్పుడు ఆ చుక్క నాన్నగారి ఫోటో మీద పడింది, సరిగ్గా బొట్టు కింద. ఆ పిల్లాడు చూసుకుని చప్పున పక్కకి జరిపాడు పాపం, మంచివాడే. వెళ్ళేటప్పుడు పసుపు రాసిన గడప తొక్కకుండా దాటాడు కూడా. నేనేం అడగలేదు. మునిసిపాలిటీ వాళ్ళేమో, పన్ను వెయ్యడానికేమో అనుకున్నా.

అది సరేగానీ, కాళేశ్వరరావు మార్కెట్లో దోసకాయలు బాగున్నాయని గోపాలం బాబాయి చేత తెప్పించి దోసావకాయ పెట్టా. నీకో సీసా తీసి ఉంచా. పోయినసారి పంపిన మాగాయలో నూనె పైకి తేలి ఉందో లేదో చూసుకో, లేకపోతే బూజు పడుతుంది, కాస్త పప్పునూనె కాచి చల్లార్చి పొయ్యమను.

బాబాయి కాయలు ఇవ్వడానికి వచ్చినప్పుడే అన్నాడు, ఏమ్మా ఇల్లు డెవలప్‌మెంట్‌కి ఇస్తున్నారంట కదా, పంజా సెంటర్లో ఎవరో అనుకుంటున్నారు, కింద షాపులు పైన లాడ్జింగు వస్తుందంట అని. నాకేం తెలీదని చెప్పా. తెలీదు కాబట్టే తెలీదన్నా శీనూ. ఆ మనిషి నా మొహం చూసి ఇంక రెట్టించలేదు.

నువ్వు ఇదివరకే ఒకసారి అన్నావు, ఏటి పక్కన పాత కొంప, ఎప్పుడు మునుగుతుందో ఎప్పుడు కూలుతుందో అని. కూలే ఇల్లు కాదిది. 1921లో గాంధీ గారు కాంగ్రెస్ సభలకి బెజవాడ వచ్చేసరికే ఈ ఇల్లుందని మామగారు చెప్పేవారు. 1952లో పాత ఆనకట్ట తెగినప్పుడు కూడా ఆయన ఈ డాబా మీంచే చూశారు, 1957లో బ్యారేజీ మీద రాకపోకలు మొదలైతే అవతలొడ్డు దాకా నడిచెళ్ళి వచ్చారు. గాంధీ కొండని చివరిదాకా ఓర్ హిల్లనే అన్నారు ఆయన, పాత ఆనకట్ట కట్టించిన దొర పేరట. ఆ టేకు దూలాలకి ఇప్పటికీ చెద లేదు. దూలాల మీద ఇటుకలు పేర్చి సున్నంతో వేసిన మద్రాసు టెర్రస్ కాబట్టి మే నెల్లో కూడా హాల్లో చాప మీద పడుకుంటే చల్లగా ఉంటుంది. మీ హైదరాబాదు నిజాంపేటలో పదో అంతస్తులో ఏసీ లేకపోతే ఉండగలరా, పైగా ఆ ట్యాంకరు నీళ్ళు. నీ జుట్టు ఊడేది ఆ నీళ్ళకేనని ఎన్నిసార్లు చెప్పాను, ఆదివారం ఆదివారం తలకి కొబ్బరినూనె పెట్టుకో.

మునగడం సంగతి చెప్తా విను. 2024 సెప్టెంబరు వరద నువ్వు టీవీలోనే చూశావు. శనివారం అంతా కుండపోత, ఆదివారం తెల్లారేసరికి సింగ్ నగర్ మునిగింది. ముంచింది కృష్ణ కాదు, బుడమేరు వాగు. దాని నీళ్ళు మళ్ళించే డైవర్షన్ కాలవ వచ్చి కృష్ణలోనే కలవాలి, ఆ రోజు కృష్ణకే చోటు లేదు, ఆ కాలవకి గండ్లు పడి నీళ్ళన్నీ ఊళ్ళోకి మళ్ళాయి. కొత్తిల్లు, టైల్సు, కారు పార్కింగు అని ముచ్చటపడి అక్కడ కొనుక్కుంది కామాక్షి పిన్ని. పొద్దున ఆరింటికి ఫోన్ చేసి అక్కా మంచం కిందకి నీళ్ళొచ్చాయి అంది, అంతే, ఇంక ఫోన్ కలవలేదు. ఆదివారం పోయింది, సోమవారం పోయింది. సోమవారం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చాయి, అంత నీరు నా ఎరికలో ఎప్పుడూ రాలేదు. 70 గేట్లూ ఎత్తేశారు, ఎక్కణ్ణుంచో బోట్లు కొట్టుకొచ్చి గేట్లకి గుద్దుకున్నాయి. ఆ హోరు రాత్రి డాబా మీదకి వినపడేది. కరెంటు లేదు, వీధంతా చీకటి, నేనూ సుబ్బులూ దీపం పెట్టుకుని మెట్ల మీద కూర్చున్నాం. మన వీధిలోకి వాన నీళ్ళు అరుగు మొదటి మెట్టు దాకా వచ్చి వాటంతటవే పోయాయి, కొండ వాలు మీదున్నాం కదా.

మంగళవారం మధ్యాహ్నం తలుపు చప్పుడైతే తీశా. పిన్ని. చీర మోకాళ్ళ పైదాకా బురద, వెనక మీ బాబాయి, కోడలు, ఇద్దరు పిల్లలు, వాళ్ళ పక్కవాటా ముసలాయన. పడవ మీద సింగ్ నగర్ ఫ్లైఓవర్ దాకా తెచ్చి దింపారంట, అక్కణ్ణుంచి కొంత నడిచి కొంత ఆటోలో వచ్చారు. పిన్ని చంకలో ఐదు లీటర్ల కుక్కరు. ఇదేంటే కుక్కరు పట్టుకొచ్చావ్ అంటే మాట్లాడకుండా గచ్చు మీద పెట్టి మూత తీసింది. లోపల ఇంటి దస్తావేజులు, పిల్లల సర్టిఫికెట్లు, మీ బాబాయి ఇన్సులిను. నీళ్ళు పోకుండా మూత బిగించిందంట, విజిల్ మీద ఇంత గుడ్డ చుట్టి మరీ. ఒక్క కాగితం తడవలేదు. అప్పటిదాకా గట్టిగా ఉన్న మనిషి ఆ కాగితాలు పొడిగా ఉండటం చూసి గోడకి జారబడి ఏడ్చింది.

తొమ్మిది రోజులున్నారు. హాల్లో పక్కలు పరిస్తే అందరూ పట్టారు, వీధి గది ముసలాయనకిచ్చా. పాలు దొరకలేదు రెండ్రోజులు, పిల్లలకి బియ్యం వేయించి జావ కాచిపోశా. బావి నీళ్ళతో వాళ్ళ బట్టలు ఎన్నిసార్లు జాడించినా ఆ బురద వాసన పోలేదు. వెళ్ళేటప్పుడు పిన్ని అంది, అక్కా ఈ ఇల్లు లేకపోతే మేం ఏ కళ్యాణమండపంలోనో పడుండే వాళ్ళం అని. ఆ కుక్కరు ఇప్పటికీ ఇక్కడే ఉంది, అటక మీద, తీసుకెళ్ళనంది.

ఆ నాలుగు రోజుల్లో నువ్వెన్ని ఫోన్లు చేశావో. ఛార్జింగ్ లేక తియ్యలేకపోతే సుబ్బులు వాళ్ళకి చేశావు, షాపతనికి చేశావు. అలాంటివాడివి 23 రోజులు ఊరుకున్నావంటే నేనేం అనుకోవాలి.

నీ మనసులో ఇంకోటుందని నాకు తెలుసు. నాన్నగారికి ఆ రాత్రి నొప్పి వచ్చినప్పుడు అంబులెన్సు సందులోకి రాలేదు. బండ్లు అడ్డంగా పెట్టేశారు, తియ్యమంటే తీసేవాళ్ళు లేరు, కుర్చీలో కూర్చోబెట్టి సెంటర్ దాకా మోసుకెళ్ళారు, నువ్వు ఒక కాలు పట్టుకున్నావు. ఇంట్లోకి కారొచ్చేలా ఉండుంటే అన్నావు పదకొండో రోజున, ఒక్కసారే. నేను మర్చిపోలేదు. నీది తప్పని అనను. దసరాకి బారికేడ్లు కడితే ఇప్పటికీ ఆటో కూడా రాదు, కూరగాయల సంచి పట్టుకుని రథం సెంటర్ నుంచి నడిచి రావాలి. ఎదురుగా లాడ్జి లేచాక వీధి గదిలో మధ్యాహ్నం కూడా లైటు వేసుకోవాల్సొస్తోంది. ఇవన్నీ ఉన్నాయి.

కానీ ఇంట్లో పెద్దది ఒకతె ఉన్నప్పుడు ఆమెకి చెప్పకుండా గజాలు కొలిపించడం పద్ధతి కాదు నాన్నా. తిట్టడానికి రాయట్లేదు. నువ్వు పంపలేదేమో కూడా. పంపితే మటుకు పంపానని చెప్పు. బయటవాళ్ళ ముందు నాకేం తెలీదని చెప్పడం, అదొక్కటే నా వల్ల కాదు. మీ తాత గోడ మీద సున్నం వేయించాలన్నా మామ్మని అడిగేవారు. ఏ కాగితం మీదా తొందరపడి సంతకం పెట్టకు, అడ్వాన్సు తీసుకోకు, బిల్డరు చెప్పే మాట తేనెలాగే ఉంటుంది, రెండేళ్ళంటాడు, ఐదేళ్ళయినా పిల్లర్లే కనపడతాయి, మన వీధి చివర చూస్తున్నావుగా. ముందు పెద్దత్తయ్య వాటా సంగతి తేలాలి, అది తేలకుండా ఎవడూ నికరంగా ఏం చెయ్యలేడు.

ఇంకో మాట. గోపాలం బాబాయి కొడుకు కంపెనీలో చాలామందిని తీసేశారంట. మీ ఆఫీసులో ఎలా ఉందిరా. నిన్ననే అనిపించింది నాకు, ఇల్లు అమ్మాలని కాదేమో, డబ్బు ఇబ్బందేమో అని. రాత్రంతా నిద్ర పట్టలేదు. ఫ్లాటు లోను నెలనెలా కట్టాలి, చిన్ని స్కూలు ఫీజు. అలాంటిదైతే నాకు చెప్పడానికి మొహమాటం ఏంటి. కింద షాపు అద్దె నేను ముట్టుకోవట్లేదు, బ్యాంకులోనే ఉంది. నాన్నగారి ఎఫ్‌డీ ఉంది. నా నాలుగు బంగారు గాజులున్నాయి లాకర్లో, సుధకనే దాచా, ఇప్పుడు తీసినా అది సుధ ఇంటికేగా. ఉద్యోగం పోతే పోనీ, మళ్ళీ దొరికేదాకా వచ్చి ఇక్కడుండండి. పై గది సున్నం వేయించి ఉంచా. చిన్నికి ఇక్కడ బళ్ళు లేవా.

ఒక్కటి మటుకు అడుగుతా. 2004 పుష్కరాలకి ఈ ఇంట్లో ఎంతమంది దిగారో, డాబా మీద వరసగా పడుకుని తెల్లవారుజామున దుర్గా ఘాట్‌కి వెళ్ళేవాళ్ళు. 2016లో నాన్నగారు చిన్నిని భుజాన ఎక్కించుకుని నీళ్ళల్లోకి దిగారు, అప్పుడు దానికి ఏడాది కూడా నిండలేదు. మళ్ళీ పుష్కరాలు 2028లో. ఆయన పోయాక వచ్చే మొదటి పుష్కరాలు అవి. పిండం నువ్వు పెట్టాలి, ఈ ఇంట్లోంచి తడిబట్టలతో నడిచెళ్ళి పెట్టాలి. అప్పటిదాకా ఉంచు. ఆ తర్వాత నువ్వూ సుధా ఏం అనుకుంటే అదే, నేనే వచ్చి వేలిముద్ర అయినా సంతకమైనా పెడతా.

దోసావకాయ, కారప్పొడి, చిన్నికి సున్నుండలు రేపు ఆర్టీసీ కార్గోలో వేస్తున్నా. డబ్బాకి రెండు కవర్లు చుట్టా, అయినా నిటారుగా పట్టుకో. ఎల్లుండి పొద్దున్నే వెళ్ళి తీసుకో, ఎండలో పెట్టేస్తారు వాళ్ళు. రాత్రిళ్ళు ఆ కంప్యూటర్ ముందు కూర్చుని టీ తాగకు, నిద్ర రాదు. మజ్జిగ తాగు.

ఫోన్ తొమ్మిదిన్నర తర్వాత చెయ్యి, అప్పటికి మోటరు ఆపేస్తా, వినపడుతుంది. పగలైనా పర్లేదు. మాట్లాడలేకపోతే సుధ చేత చేయించు, నువ్వు పక్కన ఉంటే చాలు.

అమ్మ