పిల్లల రక్షణ ఉపసంఘం వార్షిక నివేదిక: పంచాయితీ చేయడం మన పని కాదు

కాలనీ సంక్షేమ సంఘం సభ్యులందరికీ నమస్కారం.

కిందటి సర్వసభ్య సమావేశంలో పార్కు ఉపసంఘానికి, పండగల ఉపసంఘానికి చప్పట్లు బాగానే పడ్డాయి. మా ఉపసంఘం పేరు చదివినప్పుడు మాత్రం వెనక వరసలోంచి ఒకరు, "మన కాలనీలో అలాంటివి ఎందుకుంటాయండీ?" అన్నారు. ఏడాది పొడుగునా మాకు ఎక్కువగా ఎదురైన ప్రశ్న అదే. అందుకని ముందు దానికే జవాబు చెబుతాను.

2007లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ ఒక అధ్యయనం ప్రచురించింది. 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలతో మాట్లాడితే 53.22 శాతం మంది ఏదో ఒక రకమైన లైంగిక వేధింపు తమకు ఎదురైందని చెప్పారు. అసభ్యమైన బొమ్మలు చూపించడం దగ్గర్నుంచి అత్యాచారం దాకా అన్నీ ఆ లెక్కలోవే. బాధితుల్లో ఆడపిల్లల కంటే మగపిల్లలే కొంచెం ఎక్కువ. ఎక్కువ శాతం నమోదైన రాష్ట్రాల్లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. వేధించినవాళ్లలో సగం మంది పిల్లలకు ముందే తెలిసినవాళ్లు, లేదా పెద్దలు నమ్మి పిల్లల్ని అప్పగించినవాళ్లు. చాలామంది పిల్లలు ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. అధ్యయనం పాతదే, నిజమే. కానీ ట్యూషన్లు, స్కూలు వ్యాన్లు, ఇంటికొచ్చే చుట్టాలు, పక్కింటి అన్నయ్యలు అన్నీ మన కాలనీలోనూ ఉన్నాయి. గేటు దగ్గర ఇంకో రెండు కెమెరాలు పెట్టించండని కొందరు సలహా ఇచ్చారు. పెట్టించుకోవచ్చు, అభ్యంతరం లేదు. గేటు దగ్గర కెమెరా బయటివాణ్ణి చూస్తుంది. మనం "రండి, కూర్చోండి" అని లోపలికి పిలిచినవాణ్ణి చూడదు.

ఇంతకీ ఈ ఏడాది మీ దాకా ఎన్ని సంగతులు వచ్చాయని కార్యవర్గంలోనే కొందరు అడిగారు. ఆ అంకె ఈ నివేదికలో ఉండదు. నాలుగు వీధుల కాలనీలో అంకె చెబితే ఇంటి నంబరు చెప్పినట్టే. ఒకటి అంటే "ఎవరింట్లో?" అంటారు, సున్నా అంటే "అయితే ఈ ఉపసంఘం దేనికి?" అంటారు. బాధిత పిల్లల పేరు, ఫొటో, బడి, ఇల్లు, కుటుంబం, వీటిలో దేన్నిబట్టి గుర్తుపట్టే వీలున్నా అది బయటపెట్టడం నేరమని జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ చెబుతోంది. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టంలోనూ ఇలాంటి నిషేధమే ఉంది. 2018లో నిపుణ్ సక్సేనా కేసులో సుప్రీంకోర్టు దీన్ని మరింత గట్టిగా చెప్పింది. "అందరూ జాగ్రత్త, ఫలానా రోడ్డులో ఇలా జరిగిందట" అని వాట్సాప్ గ్రూపులో పెట్టేవాళ్ల ఉద్దేశం మంచిదే కావచ్చు. మర్నాడు బడికి వెళ్లాల్సింది ఆ పిల్ల. అలాంటి మెసేజీలు తీసేయమని గ్రూపు అడ్మిన్లకు చెప్పాం, తీసేస్తున్నారు.

పంచాయితీ గురించి

మన సంఘానికో మంచి అలవాటుంది. పార్కింగ్ గొడవైనా, బోరు నీళ్ల తగువైనా ఇద్దర్నీ ఆఫీసు గదిలో కూర్చోబెట్టి, టీ తెప్పించి, "మీరో మెట్టు దిగండి, మీరో మెట్టు దిగండి" అని సర్దిచెప్పి పంపిస్తాం. స్టేషన్ దాకా పోనివ్వం. ఆ అలవాటు వల్ల కాలనీ ఇన్నేళ్లు కలిసిమెలిసి ఉంది. పిల్లల మీద అఘాయిత్యం విషయంలో మాత్రం ఇదే అలవాటు ప్రాణాంతకం. మా ఉపసంఘం ఈ ఏడాది చేసిన పనుల్లో ముఖ్యమైనది ఏది అంటే, కొత్తగా ఏదో చేయడం కాదు, ఈ ఒక్క పని మానిపించడం.

పెద్దమనుషులు కూర్చున్నచోట ఏం మాట్లాడతారో అందరికీ తెలిసిందే. పెళ్లి కావలసిన పిల్ల, పరువు పోతుంది. ఆయన భజనకొచ్చే మనిషి, అలాంటివాడు కాదు. పిల్ల కల కని ఉంటుంది, టీవీలో చూసి ఉంటుంది. చివరికి అతనితో ఇల్లు ఖాళీ చేయిస్తారు, లేదా ఎంతో కొంత డబ్బు ఇప్పిస్తారు. సమస్య మన గేటు దాటి పోయిందని ఊపిరి పీల్చుకుంటారు. అవతలి కాలనీలో పిల్లలు లేరా?

చట్టం ఇందులో మనకు వెసులుబాటు ఇవ్వలేదు. 2012లో వచ్చిన పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం 18 ఏళ్లలోపు పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినా, జరగబోతోందన్న భయం ఉన్నా ఎవరైనా సరే పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. సంస్థ బాధ్యుడు తన కింద పనిచేసేవాడి నేరాన్ని దాచిపెడితే ఏడాది దాకా జైలు, జరిమానా. అంటే రేపు మనం జీతమిచ్చే మనిషి మీద ఇలాంటి మాట వస్తే "లోపల లోపల" సర్దేసిన అధ్యక్ష, కార్యదర్శులు కోర్టు మెట్లెక్కాల్సి రావచ్చు. ఈ వాక్యం చదివి వినిపించాకే కార్యవర్గంలో చర్చ ఊపందుకుందని ఇక్కడ నమోదు చేయక తప్పదు.

"మరి తప్పుడు ఫిర్యాదైతే?" అని అడిగినవాళ్లున్నారు. మంచి ఉద్దేశంతో సమాచారం ఇచ్చినవాళ్ల మీద కేసు పెట్టడానికి వీల్లేదని అదే 19వ సెక్షన్ చెబుతోంది. కావాలని కక్షతో అబద్ధపు ఫిర్యాదు చేసిన పెద్దవాళ్లకు శిక్ష ఉంది, పిల్లలకు లేదు. నిజమో కాదో తేల్చడానికి పోలీసులున్నారు, కోర్టుంది. మనం తేల్చక్కర్లేదు.

కాబట్టి ఇప్పుడు పద్ధతి ఇది. పిల్ల గానీ పిల్లాడు గానీ ఎవరికైనా చెబితే, విన్నవాళ్లు "నువ్వు చెప్పడం మంచిదైంది, తప్పు నీది కాదు" అనాలి. ఆ పిల్ల అన్న మాటలే, అదే తీరులో, తేదీ వేసి రాసిపెట్టుకోవాలి. "ఎందుకు అరవలేదు, ఇన్నాళ్లూ ఏం చేశావు" అని అడక్కూడదు. అత్తకోసారి, పిన్నికోసారి, కార్యదర్శికోసారి చెప్పించకూడదు. పిల్లల హెల్ప్‌లైన్ 1098కో, అత్యవసర నంబరు 112కో ఫోన్ చేయాలి, లేదా దగ్గర్లో ఉన్న స్టేషన్‌కి వెళ్లాలి. నేరం వేరే స్టేషన్ పరిధిలో జరిగినా ఆ స్టేషన్‌లోనే ఫిర్యాదు నమోదు చేసుకోవాలి, దాన్నే జీరో ఎఫ్‌ఐఆర్ అంటారు; కాపీ ఉచితంగా ఇవ్వాలి. పిల్ల వాంగ్మూలం ఇంటి దగ్గరో, తనకు నచ్చినచోటో తీసుకుంటారు. వీలైనంతవరకు ఎస్సై హోదాకు తగ్గని మహిళా అధికారి, యూనిఫాం లేకుండా వస్తారు. రాత్రిపూట పిల్లల్ని స్టేషన్‌లో ఉంచకూడదు. ఈ వివరాలు తెలిశాక స్టేషన్ అంటే భయపడే తల్లిదండ్రులు చాలామంది తేలికపడ్డారు. ఒక్క కాగితంలో అచ్చేయించి ఇంటింటికీ ఇచ్చాం, ఫ్రిజ్ మీద అంటించుకోండి.

పిల్లలతో, పెద్దలతో

కమ్యూనిటీ హాల్లో వేసవి సెలవుల్లో పిల్లలతో కూర్చున్నాం. కాగితం మీద అరచెయ్యి పెట్టి గీసుకుని, ఒక్కో వేలి మీద "భయం వేస్తే ఎవరికి చెప్తాను" అని ఒక్కో పేరు రాయమన్నాం. అమ్మలు, అమ్మమ్మలు ఎక్కువ. నాన్నలు తక్కువ, ఈ ముక్క నాన్నలు గమనించాలి. ఎవరూ ఊహించని పేరు ఇస్త్రీ బండి దగ్గరి అక్కది. చాలా చేతుల మీద ఆమె ఉంది. బస్సు దిగిన పిల్లలు రోజూ ఆ చెట్టు కిందే నిలబడతారు మరి. అప్పటిదాకా శిక్షణకు వాచ్‌మన్లను, వ్యాన్ డ్రైవర్లను, ట్యూషన్ మాస్టార్లను మాత్రమే పిలవాలనుకున్నాం. తర్వాత ఆమెను ముందు వరసలో కూర్చోబెట్టాం. ఆమె అడిగిన ప్రశ్నలే అందరికంటే పనికొచ్చాయి.

పిల్లలకు మేం నేర్పిన సూత్రాల్లో అన్నిటికంటే పనికొచ్చేది రహస్యాల సంగతి. పుట్టినరోజు బహుమతి రహస్యంగా ఉంచొచ్చు, ఎందుకంటే అది రేపు బయటపడుతుంది. "అమ్మకి చెప్పొద్దు, ఎప్పటికీ చెప్పొద్దు" అని పెద్దవాళ్లెవరైనా అంటే అది వెంటనే చెప్పాల్సిన రహస్యం. గుడ్ టచ్, బ్యాడ్ టచ్ అని బడుల్లో చెబుతున్నారు, మంచిదే. కానీ ఇలాంటివాళ్లు మొదటిరోజే బాధ పెట్టరు. చాక్లెట్లు, ఫోన్లో గేమ్, "నువ్వంటే నాకు ప్రత్యేకం" అన్న మాటలు, ఇంట్లోవాళ్లతో స్నేహం, వాళ్లకు చేతిసాయం... నెలల తరబడి ఇలా సాగుతుంది. పిల్లకు అది చెడ్డగా అనిపించకపోవచ్చు కూడా. అందుకే రహస్యం గురించే ఎక్కువ చెప్పాం.

తల్లిదండ్రుల సమావేశం కాస్త వేడిగా నడిచింది. "మామయ్యకి ముద్దు పెట్టు" అని పిల్లల్ని బలవంతం చేయొద్దని మేమంటే, ఒక పెద్దావిడ "ఇదేం విడ్డూరం, రేపు తాతనీ ముట్టుకోవద్దంటారా?" అని లేచారు. ముట్టుకోవద్దనడం లేదు, పిల్లకు ఇష్టం లేకపోతే వదిలేయమంటున్నాం, నమస్కారం పెట్టినా మర్యాదే కదా అని చెప్పాం. ఆవిడ ఒప్పుకున్నట్టు లేదు. అయినా రెండో సమావేశానికీ వచ్చారు, కోడల్ని కూడా తీసుకొచ్చారు.

ట్యూషన్ చెప్పే గదుల తలుపులు పాఠం జరిగేటప్పుడు తెరిచి ఉండాలని అడిగాం. పిల్లలతో పనిచేసే సంస్థలు సిబ్బందికి పోలీసు వెరిఫికేషన్ చేయించాలని 2020 నాటి పోక్సో నియమాలు చెబుతున్నాయి. కాలనీ స్థలంలో కరాటే, డ్యాన్స్ నేర్పేవాళ్లకు ఇది తప్పనిసరి చేశాం. "అడిగితే మాస్టారు ఏమనుకుంటారో" అని తల్లిదండ్రులే వెనకాడారు గానీ, ఒక మాస్టారు మేం చెప్పిన వారంలోనే తలుపుకు అద్దం పెట్టించారు.

కొట్టడం గురించి ఒక్క మాట. బడిలో కొట్టడాన్ని, మాటలతో హింసించడాన్ని 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించింది. "నాలుగు తగిలిస్తే గానీ దారికి రాడు, మీరే చూసుకోండి సార్" అని టీచర్లకు మనమే చెప్పి వస్తున్నాం. ఇంట్లో దెబ్బలు తినే పిల్ల బయట జరిగింది ఇంట్లో చెప్పదు, దానికీ దెబ్బలే పడతాయనుకుంటుంది.

తోడుండడం

ఫిర్యాదు ఇచ్చిన రోజున చుట్టూ పదిమంది ఉంటారు. ఆర్నెల్ల తర్వాత ఎవరూ ఉండరు. ఉపసంఘం ఈ ఏడాది ఎక్కువగా నేర్చుకున్నది ఇక్కడే. పోలీసులు కేసు సంగతి 24 గంటల్లో బాలల సంక్షేమ కమిటీకి తెలపాలి. విచారణ మొత్తం కుటుంబానికి తోడుండే సహాయక వ్యక్తిని ఆ కమిటీ నియమించవచ్చు. 2023లో సుప్రీంకోర్టు ఈ నియామకం మాటవరసకు మిగలకూడదని రాష్ట్రాలకు ఆదేశాలిచ్చింది. అయినా అడిగితే గానీ దొరకని వ్యవస్థ ఇది, కాబట్టి అడగాలి. ప్రభుత్వాసుపత్రి అయినా ప్రైవేటు అయినా మొదటి చికిత్స ఉచితంగా చేయాలి, పోలీసు కాగితం తెస్తేనే చూస్తామనకూడదు. ఆడపిల్లను మహిళా డాక్టరే పరీక్షించాలి. రెండు వేళ్ల పరీక్ష చేస్తే అది దుష్ప్రవర్తన కిందికి వస్తుందని 2022లో సుప్రీంకోర్టు తేల్చేసింది. తిండికి, ప్రయాణానికి తక్షణ సాయం, కేసు నడుస్తుండగానే మధ్యంతర పరిహారం అడిగే వీలుంది. కోర్టులో పిల్ల నిందితుడి ఎదుట నిలబడాల్సిన పనిలేదు, విచారణ మూసిన తలుపుల వెనక జరుగుతుంది. 2016లో హైదరాబాద్ పోలీసులు మొదలుపెట్టిన భరోసా కేంద్రంలో వైద్యం, వాంగ్మూలం, కౌన్సెలింగ్, న్యాయసాయం ఒకే కప్పు కింద దొరుకుతాయి. 2018లో దానికి అనుబంధంగా పిల్లల కోసం ప్రత్యేకంగా అమర్చిన కోర్టు వచ్చింది. మా సభ్యులు అక్కడికి వెళ్లి పద్ధతులు తెలుసుకొచ్చారు.

చట్టం చేయలేనివి కొన్ని ఉంటాయి. వాయిదా రోజున తండ్రి సెలవు పెడితే రోజుకూలీ పోతుంది. చిన్న తమ్ముణ్ణి ఎవరో చూసుకోవాలి. కోర్టు దాకా ఆటో కావాలి. ఇలాంటివాటికి సంఘం నిధిలో చిన్న మొత్తం పక్కన పెట్టాం. దాని పద్దు కోశాధికారి దగ్గర పేర్లు లేకుండా ఉంటుంది. మరొకటి, ఇది డబ్బుతో అయ్యేది కాదు. అలాంటి ఇంటి పిల్ల బయటికొస్తే "అయ్యో పాపం" అని చూడకండి. బతుకమ్మకు పిలిచినట్టే పిలవండి, క్రికెట్‌లోకి తీసుకున్నట్టే తీసుకోండి, ఆటలో ఔటైతే ఔటే అనండి.

సమావేశాలయ్యాక తలుపు దగ్గర ఆగి మాట్లాడినవాళ్లలో నడివయసు వాళ్లూ ఉన్నారు, మగవాళ్లూ ఉన్నారు. చిన్నప్పటి సంగతి మొదటిసారి నోరు తెరిచి చెప్పామన్నారు. వాళ్ల కోసం మానసిక సమస్యలకు ఫోన్లో సలహా ఇచ్చే ప్రభుత్వ సేవ టెలిమానస్ నంబరు 14416 నోటీసు బోర్డు మీద పెట్టాం. తెలుగులోనే మాట్లాడవచ్చు, పేరు చెప్పక్కర్లేదు.

మిగిలినవి

ఫోన్ల సంగతి ఈ ఏడాది సరిగా ముట్టుకోలేదు. పిల్లల అశ్లీల చిత్రాలను ఫోన్లో ఉంచుకోవడం, చూడడం కూడా పోక్సో కింద నేరం కాగలదని 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. గ్రూపుల్లో వచ్చిందని ఫార్వర్డ్ చేసేవాళ్లు తెలుసుకోవాలి. అద్దె ఇళ్లలోని వలస కూలీల పిల్లలను సమావేశాలకు రప్పించలేకపోయాం. తల్లులు పనికెళ్లే వేళకే మేం సమావేశం పెడుతున్నాం. వచ్చే ఏడాది ఆదివారం సాయంత్రం పెట్టాలని ప్రతిపాదన.

చివరగా ఒక తీర్మానం మీ ముందు పెడుతున్నాం: "పిల్లల మీద లైంగిక నేరం గురించి సంఘం గానీ, దాని సభ్యులు గానీ రాజీ మాటలు నడపరాదు; సమాచారం తెలిసిన రోజే పోలీసులకు తెలపాలి; దీనికి విరుద్ధంగా నడిచిన కార్యవర్గ సభ్యుడు పదవి కోల్పోతాడు." ఆఖరి వాక్యం మీద కార్యవర్గంలో ఏకాభిప్రాయం కుదరలేదు. అందుకే దాన్ని విడిగా ఓటుకు పెడుతున్నాం. జమాఖర్చుల ఆమోదం అయ్యాక ఓటింగ్ ఉంటుంది, దయచేసి భోజనాలకు ముందే లేచి వెళ్లకండి.

కన్వీనర్,
పిల్లల రక్షణ ఉపసంఘం